రూపాయి బిళ్లంత తాబేలు... పాతికేళ్ల బాధ్యత!

మా ఇంట్లో అందరికంటే ముందు నిద్రలేచేది రాజీ. పొద్దున్నే నేను వంటింట్లో లైటు వేశానో లేదో, వెనక వరండా తొట్టిలోంచి టపటపా నీళ్ల చప్పుడు మొదలవుతుంది. మెడంతా బయటికి చాపి, 'టిఫిను సంగతి ఏం చేశావ్?' అన్నట్టు నావంకే చూస్తుంది. రాజీ అంటే మా అమ్మాయి అనుకునేరు. తాబేలండీ! ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో మనిషిలాగే ఉంటోంది.

"మీ ఇంట్లో తాబేలుందటగా! మా బాబు తనకూ కావాలని ఒకటే గోల. ఎంతవుతుంది?" అని మా వికారాబాద్‌లో తెలిసినవాళ్లు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఎంతవుతుందో చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఎందుకంటే కొనేముందు ఈ ప్రశ్న నేను సరిగ్గా అడగలేదు.

రాఖీ కానుక

2017 రాఖీ పండక్కి తాండూరు నుంచి మా వదిన, అంటే మావారి అక్క, పిల్లతో సహా వచ్చింది. మావారు హైదరాబాద్ నుంచి వస్తూ రెండు చిన్న ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చారు. ఒకటి మా చిన్నోడికి, ఒకటి మేనకోడలికి. మూతలు తీస్తే ఒక్కోదాంట్లో పాత రూపాయి బిళ్లంత తాబేలు పిల్ల! ఆకుపచ్చ చిప్ప, కళ్ల వెనక బొట్టు పెట్టినట్టు ఎర్రటి చార. పిల్లలు ఎగిరి గంతేశారు. "తాబేలు ఇంటికొస్తే లక్ష్మి వచ్చినట్టే. ఉత్తరం దిక్కున పెట్టండి" అంది మా అత్తగారు. మా చిన్నోడు దానికి 'రాజా' అని పేరు పెట్టేశాడు.

"ఇది ఇంతే ఉంటుంది. పెద్దగా పెరగదు. చిన్న గాజు గిన్నె చాలు. రోజూ నాలుగు గింజలు వేస్తే సరిపోతుంది" అని దుకాణంలో చెప్పారట. మేమూ నమ్మేశాం. చీర కొనేటప్పుడు రంగు పోతుందా అని పదిసార్లు అడుగుతామా, ప్రాణమున్నదాన్ని కొనేటప్పుడు ఒక్క ప్రశ్నయినా అడగలేదు!

ఆ తర్వాత తెలిసింది, దాని పేరు రెడ్ ఇయర్డ్ స్లైడర్ అని. మన దేశంది కాదు. అమెరికా దక్షిణాన మిసిసిపి నది ప్రాంతం దాని పుట్టిల్లు. పిల్లగా ఉన్నప్పుడు మూడు సెంటీమీటర్లు ఉండే ఈ జీవి, ఆడదైతే పదీ పన్నెండు అంగుళాల దాకా పెరుగుతుంది. బాగా చూసుకుంటే ఇరవై, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. అంటే రెండో తరగతి పిల్లాడికి కొనిచ్చిన బొమ్మ, వాడి పెళ్లినాటికీ ఇంట్లోనే ఉంటుందన్నమాట!

కళ్లు తెరవని రాజా

హాల్లో టీవీ పక్కన గాజు పెట్టె పెట్టాం. అడుగున రంగురాళ్లు, ఓ ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు, పైన నీలం రంగు బల్బు. వచ్చినవాళ్లంతా మెచ్చుకునేవాళ్లు. తిండి సంగతంటారా... ఎండు రొయ్యలు, మరమరాలు, ఒక్కోసారి అన్నం మెతుకులు. ఏది వేసినా తినేది. తింటోంది కదా, బాగానే ఉందనుకున్నాను.

డిసెంబర్ వచ్చింది. అనంతగిరి కొండల పక్కన ఊరు కదా, మాకు చలి ఎక్కువే. పొద్దున నల్లా కింద చెయ్యి పెడితే కొంకర్లు పోతుంది. రాజా తినడం మానేసింది. నీళ్లలో ఓ మూల ముడుచుకుని ఉండేది. సంక్రాంతి నాటికి రెండు కళ్లూ ఉబ్బి మూసుకుపోయాయి. వేలితో తాకితే చిప్ప అంచులు మెత్తగా, తడిసిన అట్టముక్కలా ఉన్నాయి. చిన్నోడు దాని ముందు కూర్చుని "అమ్మా, రాజా నన్ను చూడట్లేదు" అని ఏడుపు.

తాండూరుకు ఫోన్ చేశాను, అక్కడిది ఎలా ఉందో కనుక్కుందామని. "మాదా? గుండు లెక్క ఉన్నది! పెరట్ల నాపరాళ్ల తొట్ల ఏసిన. పొద్దంత బండ మీదెక్కి ఎండకు కూసుంటది. వానపాములు, నత్తలు ఏది దొరికితే అది తింటది. నువ్వు దాన్ని గాజుపెట్టెల బెట్టి షోకేసు బొమ్మను జేసినవ్ పిల్లా! ఎండకు పెట్టు" అంది మా వదిన.

హైదరాబాద్‌లో ఒక పశువుల డాక్టరుకు చూపిస్తే ఆయనా దాదాపు అదే చెప్పారు. తాబేలు తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. ఎండలో కాచుకుంటేనే తిన్నది అరుగుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఒంటికి తగిలితేనే డి విటమిన్ తయారవుతుంది, అప్పుడే కాల్షియం చిప్పకు పడుతుంది. చిప్ప అనేది దానికి తొడుక్కున్న చొక్కా కాదు, వెన్నెముకా పక్కటెముకలూ కలిసి ఏర్పడిన ఎముకే. మన పిల్లలకు ఎముకలు మెత్తబడ్డట్టే దానికి చిప్ప మెత్తబడుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు. ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది. కళ్లు ఉబ్బడానికి ఏ విటమిన్ లోపం, మురికి నీళ్లు కారణమట. విటమిన్ మందు ఆయనే మోతాదు చూసి ఇచ్చారు. "మీ అంతట మీరు వేయకండి, ఎక్కువైతే విషమే" అని మరీ మరీ చెప్పారు.

కళ్లు పూర్తిగా విచ్చుకోవడానికి నెలన్నర పట్టింది. నేను చేసింది తెలియక చేసిన తప్పే కావచ్చు. కానీ ఆ నెలన్నరా ఆ మూసుకున్న కళ్లు చూసినప్పుడల్లా మనసు కలుక్కుమనేది.

నీళ్లు మార్చేదెవరు?

రాజా కోలుకుంది. కోలుకుని పెరగడం మొదలెట్టింది! అంగుళం చిప్పకు నలభై లీటర్ల నీళ్లు ఉండాలని ఓ లెక్క. అంటే ఎనిమిది అంగుళాల తాబేలుకు మూడు వందల లీటర్ల పైమాటే. అంత నీళ్లంటే మూడు క్వింటాళ్ల బరువు. మామూలు టీపాయ్ మీద పెట్టేది కాదు. నాలుగేళ్లలో మేం మూడు తొట్లు మార్చాం. ఫిల్టరు కొన్నాం, వానాకాలం ఎండ లేనప్పుడు వాడేందుకు యూవీబీ దీపం కొన్నాం. ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది కానీ అందులోని కిరణాలు తగ్గిపోతాయి. ఆరు నెలలకో ఏడాదికో కొత్తది కొనాల్సిందే. కొన్న తాబేలు ధర వందల్లో, దాని కాపురం ఖర్చు వేలల్లో!

డబ్బు మాట అటుంచండి. తాబేలు తినేదీ నీళ్లలోనే, విసర్జించేదీ నీళ్లలోనే. రెండు రోజులు ఏమరిస్తే ఇల్లంతా వాసన. వారానికోసారి సగం నీళ్లు తోడి పొయ్యాలి. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కనుక ముందురోజే బకెట్లలో పట్టి ఉంచాలి. ఇదంతా ఎవరు చేస్తారంటారు? కొన్నది నాన్న. ఆడుకున్నది పిల్లాడు. నీళ్లు మార్చేది అమ్మ! తాండూరులోనూ ఇదే కథ. మేనకోడలు చదువుకని హాస్టలుకు పోయింది, తాబేలు వదిన మెడకు చుట్టుకుంది.

కోట్‌పల్లి గట్టు మీద

2022 మార్చి. ఎండలు ముదురుతున్నాయి. నల్లా రోజు విడిచి రోజు వస్తోంది. ఇంట్లో మనుషులకే నీళ్లు చాలకపోతే తాబేలుకు ఎక్కడ తెచ్చేది? మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, చిన్నోడికి పరీక్షలు. ఓ రాత్రి మావారితో అనేశాను, "ఇక నావల్ల కాదు. చెరువులో వదిలేద్దాం. హాయిగా బతుకుతుంది" అని. అటు వదిన కూడా, "నేను గూడ కాగ్నా వాగుల ఇడిసిపెడ్త" అంది. దాన్ని బంధించి ఉంచాం కదా, వదిలేస్తే పుణ్యమే అనుకున్నాం ఇద్దరమూ.

ఆదివారం పొద్దున్నే బకెట్లో నీళ్లు పోసి, రాజాను అందులో పెట్టుకుని బయల్దేరాం. ధారూరు దాటి కోట్‌పల్లి ప్రాజెక్టు గట్టు మీదికి చేరాం. నిండా నీళ్లు, చుట్టూ అడవి. ఇంతకంటే మంచి చోటు ఎక్కడుంటుంది? చిన్నోడు కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను బకెట్ వంచబోతున్నాను. అక్కడే వల సర్దుకుంటున్న ఓ పెద్దాయన వచ్చి తొంగి చూశాడు.

"ఇది మన తాంబేలు గాదు గదమ్మా. చెవులకాడ ఎర్రగున్నది. ఏం తింటదిది?"

"అన్నీ తింటుంది. చేపపిల్లలు, నత్తలు, పురుగులు, ఆకులు..."

ఆయన నవ్వాడు. కోపంగా కాదు, మామూలుగానే. "మరి నేనేం బట్టాలమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. బకెట్ అలాగే పట్టుకుని ఇంటికొచ్చేశాం. దారంతా ఎవరమూ మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక దాని గురించి కాస్త చదివాను. చదివినకొద్దీ గుండె దడదడలాడింది. ప్రపంచంలో ఇతర జీవులకు ఎక్కువ చేటు చేసే నూరు పరాయి జీవుల జాబితా ఒకటి ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం, అదే ఐయూసీఎన్, తయారుచేసింది. అందులో మా రాజా జాతి ఉంది! మనలాంటి వాళ్లు పెంచలేక చెరువుల్లో వదిలేస్తే అక్కడి తాబేళ్ల తిండి తినేసి, అవి ఎండ కాచుకునే చోట్లు ఆక్రమించి, కొత్త రోగాలు అంటించి వాటిని వెళ్లగొట్టేస్తుందట. అస్సాంలో గువాహటి పక్కనున్న దీపోర్ బీల్ సరస్సులో 2020లో ఈ తాబేలు కనబడింది. కేరళ కాలువల్లోనూ దొరికింది. ఇవన్నీ ఎవరో ఒక అమ్మ, 'హాయిగా బతుకుతుందిలే' అనుకుని బకెట్ వంచినవే అయ్యుంటాయి. ఆ రాత్రే వదినకు ఫోన్ చేసి చెప్పాను. కాగ్నాకు పోయే ప్రయాణం ఆమె కూడా మానుకుంది.

ఇంకో సంగతి. ఈ పిల్లలు మన దేశానికి ఎలా వస్తున్నాయో తెలుసా? 2023లో తిరుచ్చి విమానాశ్రయంలో ప్రయాణికుల సామాన్లలో దాచి తెచ్చిన ఆరు వేలకు పైగా పిల్లల్ని కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు. గాలాడని పెట్టెల్లో కుక్కి తెస్తే దారిలో ఎన్ని చస్తాయో! మనం కొనబట్టే కదా వాళ్లు తెచ్చేది.

రాజా కాదు... రాణి!

వదలడం కాదన్నాక, మరి పెంచడమైనా సరిగా పెంచుదామనుకున్నాం. వదిన తాండూరు నుంచి నాపరాళ్లు పంపించింది. వెనక వరండాలో, పొద్దుటెండ నేరుగా పడేచోట నాలుగు వందల లీటర్ల తొట్టి కట్టించాం. సగానికి నీడ. ఎక్కి కూర్చోవడానికి పాలిష్ పెట్టని గరుకు బండ ఏటవాలుగా వేశాం. పాలిష్ రాయి మీద పాపం కాళ్లు జారిపోతాయి. నాపరాయి సున్నపురాయి జాతిదే కాబట్టి నీళ్లలో ఉన్నా దానికి హాని లేదు. పైన ఇనుప జాలీ తప్పనిసరి. మా ఊళ్లో కోతుల సంగతి మీకు తెలిసిందే!

2024 వేసవిలో మళ్లీ గాభరా. రాజా తిండి మానేసింది. గోడలు గీకుతోంది, పగలూ రాత్రీ ఒకటే తిరుగుడు. జబ్బేమోనని డాక్టరుకు ఫోన్ చేస్తే, ముందు కాళ్ల గోళ్లు పొడుగ్గా ఉన్నాయా అని అడిగారు. మగవాటికే ఆ గోళ్లు పొడుగ్గా ఉంటాయట. మాదానికి పొట్టిగానే ఉన్నాయి. "అయితే ఆడది. గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటోంది" అన్నారాయన. మగ తోడు లేకపోయినా కోడిపెట్టలాగే గుడ్లు పెడుతుందట. తవ్వుకోవడానికి మట్టి దొరక్కపోతే గుడ్లు లోపలే నిలిచిపోయి ప్రాణానికే ముప్పట!

వెంటనే వెడల్పాటి టబ్బులో జానెడు లోతున తడి మట్టి, ఇసుక కలిపి పోశాం. ఆ సాయంత్రం మమ్మల్ని ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, వెనక కాళ్లతో ఓపిగ్గా గుంట తవ్వి, ఆరు తెల్లని గుడ్లు పెట్టి, మట్టి కప్పేసింది. అవి పిల్లలు కావని దానికి తెలియదు కదా. మా అత్తగారు గుమ్మంలో కూర్చుని చూస్తూ, "అయ్యో తల్లీ, ఇన్నాళ్లూ నిన్ను మొగోడి పేరుతో పిలిచామా!" అంది. ఆ రోజు నుంచి రాజా, రాజీ అయ్యింది. వాసనొస్తోందని గొణిగే మా అత్తగారే ఇప్పుడు దానికి క్యారెట్ తురిమి పెడుతోంది.

చెరువు తాబేలైతే పరవాలేదా?

"కొనడమెందుకు, మన చెరువులోది పట్టించి తెస్తా" అనేవాళ్లూ ఉన్నారు. ఆ పని అసలే వద్దు. మన చెరువుల్లో ఉండే నీటి తాబేలు, వెనక కాళ్లు లోపలికి లాక్కోగానే మూతల్లాంటి చర్మపు రెక్కలు మూసుకునేది, వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. అంటే పులికి ఉన్న రక్షణే దానికీ! నక్షత్ర తాబేలును కూడా 2022 సవరణతో అదే షెడ్యూలులోకి తెచ్చారు. పట్టినా, కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, పాతిక వేలకు తక్కువ కాకుండా జరిమానా. మన చెరువు తాబేలు ఎండాకాలం చెరువెండితే బురదలోకి దిగి వానలదాకా ఓపిక పడుతుంది. దాని ఇల్లు అదే. అక్కడే ఉండనిద్దాం.

మీ ఇంట్లో ఇప్పటికే తాబేలుంటే...

* చేతులు: తాబేలు ఒంటి మీద, దాని నీళ్లలో సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉంటాయి. దానికి జబ్బు చేయదు, మన పిల్లలకు చేస్తుంది. ఈ కారణంగానే అమెరికాలో 1975లో నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఐదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్లకు ఈ పని అప్పగించవద్దు.

* సింకు: తొట్టి సామాను వంటింటి సింకులో కడగకండి. తోడేసిన నీళ్లు మల్లెకూ గులాబీకీ మంచి ఎరువు. కొత్తిమీర, పుదీనా మడుల్లో మాత్రం పోయకండి.

* తిండి: తాబేలు తలకాయంత తిండి ఒక పూటకు చాలు. పిల్లలకు రోజూ, పెద్దవాటికి రెండు మూడు రోజులకోసారి. తాబేళ్ల గింజలతోపాటు అజొల్లా, క్యారెట్, గుమ్మడి ముక్కలు వేయండి. పాలకూర రోజూ వద్దు, కాల్షియం ఒంటపట్టనివ్వదు. అన్నం, బ్రెడ్డు, మరమరాలు అసలే వద్దు. పిట్టల పంజరంలో పెట్టే కటిల్ ఫిష్ ఎముక తొట్టిలో వేస్తే కొరుక్కుంటుంది.

* ఎండ: రోజూ అరగంటైనా నేరుగా ఎండ పడాలి. పక్కనే నీడ కూడా ఉండాలి. మండుటెండలో గాజు పెట్టె పెడితే నీళ్లు మరిగి ప్రాణం పోతుంది.

* చలి: నీళ్లు ఇరవై నాలుగు నుంచి ఇరవై ఏడు డిగ్రీలుంటే మేలు. చలికాలం హీటరు పెడితే వైరు నీళ్లలో కొరక్కుండా జాగ్రత్త.

* చిప్ప: నూనె, రంగు, గోళ్ల పాలిష్ ఏదీ పూయకండి. మెత్తబడినా, కళ్లు ఉబ్బినా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

* పెంచలేకపోతే: చెరువులో, వాగులో, గుడి కోనేట్లో వదలకండి. బాగా చూసుకునే ఇంటికి ఇవ్వండి.

ఆదివారం రా బాబూ!

తాబేలంటే మనకు భక్తి ఉంది. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మంలో కూర్మావతారానికి గుడే కట్టుకున్నాం. హైదరాబాద్ జూపార్కులో ఉండే గాలపాగస్ తాబేలు 2024 మార్చిలో చనిపోయినప్పుడు దాని వయసు నూట పాతికేళ్లన్నారు. మనకంటే నిదానంగా, మనకంటే ఎక్కువ కాలం బతికే జీవి. దాన్ని కొనేవాళ్లు ముందుగా తమ వయసు లెక్కేసుకోవాలి. రాజీకి ముప్ఫై ఏళ్లు నిండేనాటికి నేను బామ్మనైపోతాను! మా చిన్నోడు ఇప్పుడు పదో తరగతి. "నాకు ఉద్యోగం వస్తే రాజీని నాతో తీసుకుపోతా" అంటున్నాడు. చూద్దాం. ప్రస్తుతానికి ఆదివారం నీళ్లు మార్చే పని వాడికి, వాళ్ల నాన్నకు అప్పగించాను. ఎనిమిదేళ్లకు సాధించిన విజయం ఇది!

మొన్న పక్కింటి బాబు పుట్టినరోజుకు తాబేలు కావాలని పట్టుబడితే వాళ్లమ్మ నా దగ్గరికి తీసుకొచ్చింది. వాడికి రాజీని చూపించాను. మగ్గుతో పాత నీళ్లు తోడించాను, బ్రష్షుతో బండ తోమించాను. గంటయ్యేసరికి వాడి చొక్కా తడిసి ముద్దయ్యింది. "ఆంటీ, ఇది రోజూ చెయ్యాల్నా?" అన్నాడు. "వారం వారం బాబూ, పాతికేళ్లు" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించాడు. "అయితే నాకు వద్దు ఆంటీ. గానీ ఆదివారం ఆదివారం రావచ్చునా?"

"రా నాన్నా, తప్పకుండా రా" అన్నాను.

వాస్తు కోసమే కావాలంటారా? ఓ ఇత్తడి తాబేలు తెచ్చి నీళ్లగిన్నెలో పెట్టుకోండి. దానికి ఎండా అక్కర్లేదు, క్యారెట్టూ అక్కర్లేదు. మీరు ఊరెళ్లినా బెంగపడదు.